పథ్యమును రుచియు

పథ్యమను మాట వినినంతనే మనలో ననేకులకు ఉప్పులేని చారును, పోపులేని బీరకాయ కూరయు, వానియెదుట విచారముగా గూర్చున్న రోగియు కన్నులకు గట్టినట్లగును. రుచిగలది హితము కాదనియు, హితమైనది రుచిగా నుండదనియు మన యిండ్లలో నొక నమ్మకము వేరూని యున్నది. ఈ నమ్మకము పొరపాటని నేను మా యింటనే నేర్చుకొంటిని. గుండెకు సంబంధించిన పథ్యము విషయమున నీ పొరపాటు ప్రాణాపాయకరము కూడను. ఏలయన, జ్వరపథ్యము నాలుగుదినములలో ముగియును. గుండెపథ్యము జీవితాంతము సాగవలసినది. రుచిలేని దానిని జీవితాంతము తినగలవారు ఎందరుందురు? కావున రుచిని విడువకయే గుండెను కాపాడుకొను విధమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటకై యీ చిన్నపాఠము వ్రాయుచున్నాను.

1. మా యింటి సంగతి

మా తండ్రిగారికి 52వ యేట గుండెపోటు వచ్చెను. వేళకు వైద్యము దొరకినందున బ్రదికిరి. ఇంటికి పంపునపుడు వైద్యుడు మందుల చీటితోపాటు, ఉప్పు, నూనె, నేయి, ఊరగాయలు మిక్కిలి తగ్గింపవలెనని చెప్పెను. మా యమ్మ యా మాటను తు.చ. తప్పక పాటించెను. ఒక చిన్నగిన్నెలో నాన్నగారికి వేరుగా వంట ప్రారంభమయ్యెను. దానిలో ఉప్పు లేదు, పులుపు లేదు, పోపు లేదు. తక్కిన మేమందరము ఎప్పటివలెనే ముద్దపప్పు, ఆవకాయ, నేయి, అప్పడములతో భుజించుచుంటిమి. నాన్నగారు మా భోజనములైన పిమ్మట ఒంటరిగా తినుచుండెడివారు. మాతో గూర్చుండినచో మా కంచములను చూడవలసివచ్చునని కాబోలు. "ఆయుష్షు పెరుగుచున్నదో లేదో తెలియదుగాని, దినము మాత్రము మిక్కిలి పొడుగైనది" అని నవ్వుచు ననెడివారు.

నెల గడువలేదు. ఒకనాటి రాత్రి మంచినీళ్ళకై వంటయింటిలోనికి పోగా, దీపమైనను వెలిగింపక ఆవకాయ జాడీయొద్ద నిలిచి అన్నము కలుపుకొనుచున్న నాన్నగారు కనబడిరి. మాలో నెవ్వరమును మాటాడలేదు. మరునాడు నేను అమ్మతో జెప్పితిని. ఆమె కోపపడలేదు, కొంతసేపు ఊరకుండి, "తప్పు ఆయనది కాదు నాయనా, ఆ చిన్నగిన్నెది" అనెను. ఆ గిన్నె ఆనాడే అటకయెక్కెను. పిమ్మట మా యింట నేమి మారెనో చెప్పుటకు ముందు, గుండెకును మనము తిను అన్నమునకును గల సంబంధమును తెలిసికొనవలెను.

2. గుండె చేయు పని

గుండె ఇంచుమించు మన పిడికిలియంత యుండు కండరము. అది నిమిషమునకు సుమారు 70 పర్యాయములు, దినమునకు దాదాపు లక్ష పర్యాయములు కొట్టుకొనును. మనము ఊరక కూర్చున్నప్పుడును నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును శరీరమునకు పంపుచుండును. రక్తము గుండెనుండి బయలుదేరి దేహమంతయు తిరిగి మరల గుండెకే చేరునని విలియం హార్వే అను ఆంగ్లేయ వైద్యుడు 1628వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో నిరూపించెను.

దేహమునకంతకు రక్తమును పంచు గుండె తన గదులలోని రక్తముతోనే తన యాకలి దీర్చుకొనజాలదు. చెరువుగట్టున నున్న పొలమునకు సయితము కాలువ కావలసినట్లు, గుండెకండరమునకు వేరుగా సన్నని ధమనులు కలవు. బృహద్ధమని మొదటనే పుట్టి, గుండెపై కొమ్మలుగా వ్యాపించు వీనిని హృదయధమనులందురు. ఈ ధమనుల గోడలలో కొలెస్టెరాలను క్రొవ్వుపదార్థము ఏండ్లతరబడి పేరుకొనుచు మార్గమును ఇరుకు చేయును. పేరుకొన్న ఆ పొర యొకనాడు చిట్లినచో అచ్చట రక్తము గడ్డకట్టును, దారి మూసికొనిపోవును, ఆవలి కండరము ప్రాణవాయువు లేక చచ్చును. ఇదియే గుండెపోటు.

52 దేశములలో జరిగి 2004లో ప్రకటింపబడిన ఇంటర్‌హార్ట్ అను గొప్ప పరిశోధన, తొలి గుండెపోటు ముప్పులో నూటికి 90 పాళ్ళకు తొమ్మిది కారణములు చాలునని తెలిపెను. పొగాకు, రక్తమునందలి చెడుకొవ్వు, అధిక రక్తపోటు, మధుమేహము, పొట్ట పెరుగుట, మనోవ్యథ, వ్యాయామము లేకుండుట, దినదినము కూరగాయలును పండ్లును తినకుండుట అనునవి వానిలో ముఖ్యములు. ఆ పరిశోధనయే మన కొక హెచ్చరికయు చేసినది. తొలి గుండెపోటు ఇతర దేశములవారికి సగటున 59వ యేట రాగా, దక్షిణాసియావారికి 53వ యేటనే వచ్చుచున్నది. 53 ఏండ్లనగా, పిల్లల చదువులు ముగియని వయస్సు. ఆడపిల్ల పెండ్లియు, ఇంటి అప్పును తీరని వయస్సు. కావున ఇది ముసలివారి పాఠమని పిల్లలు పుట త్రిప్పివేయరాదు. ధమనులలో పేరుకొనుట చిన్ననాటనే ప్రారంభమగును; నాలుకకు అలవాట్లు పడుటయు చిన్ననాటనే.

3. ఉప్పు లెక్క

ఉప్పు అధికమైనచో దేహమున నీరు నిలుచును, రక్తపోటు హెచ్చును, హెచ్చిన పోటు ధమనులను దెబ్బతీయును. పెద్దవారొకరు దినమునకు 5 గ్రాములకు లోపుగా, అనగా చిన్నచెంచాకు మించకుండ, ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ప్రపంచమున జనులు సగటున దానికి రెట్టింపునకు మించి తినుచున్నారు.

మన యింట నెంత ఖర్చగుచున్నదో పిల్లలే కనుగొనవచ్చును. కిలో ఉప్పు పొట్లము విప్పిన దినమున దానిపై తేది వ్రాయుడు. ఇంటిలో అయిదుగురున్నచో, ఒకరికి 5 గ్రాముల చొప్పున దినమునకు 25 గ్రాములు. 1000ని 25చే భాగింపగా 40 వచ్చును. అనగా పొట్లము 40 దినములు రావలెను. మా యింట మొదటి పర్యాయము అది 19 దినములకే నిండుకొనెను! ఊరగాయలోని ఉప్పును ఆ లెక్కలో చేర్చనే లేదు.

మన యుప్పులో చాల భాగము దాగియుండునది. ఆవకాయలో ఆవపిండి, కారము, ఉప్పు దాదాపు సమపాళ్ళుగా పడును. అప్పడములు, వడియములు, చల్లమిరపకాయలు, ఉప్పుచేపలు, అంగడి కారప్పూసయు ఉప్పుగనులే. పెరుగన్నములో మరల చిటికెడు, మజ్జిగలో మరల చిటికెడు. కూరలో కొంచెము తగ్గించి కంచములో అప్పడము వేసికొనువాడు ముందు తలుపు మూసి పెరటితలుపు తెరచినవాడగును.

4. నూనె, నేయి

క్రొవ్వులన్నియు నొక్కటి కావు. నేయి, వెన్న, కొబ్బరినూనె, పామాయిలు అనువానిలో సంతృప్తమగు క్రొవ్వు హెచ్చు. అది రక్తములో చెడు కొలెస్టెరాలును పెంచును. వేరుసెనగ, నువ్వులు, ఆవాలు మొదలగువాని నూనెలలో నది తక్కువ. అన్నిటికంటె చెడ్డది, నూనెను గట్టిపరచి వనస్పతి చేయునపుడు పుట్టు ట్రాన్స్ క్రొవ్వు. ఇది చెడు కొలెస్టెరాలును పెంచుటయే గాక మంచిదానిని తగ్గించును. అందుచే మన ప్రభుత్వమువారు 2022 జనవరి నుండి నూనెలలోను క్రొవ్వులలోను దీనిని నూటికి 2 పాళ్ళకు మించనీయరాదని శాసించిరి. అయినను బజ్జీల కొట్టులో ఒకే నూనెను మాటిమాటికి కాచుట మంచిది కాదు.

మంచినూనెయైనను మితము కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చూపిన మాదిరి భోజనమున దినమునకు ఒకరికి నూనె 27 గ్రాములు. అనగా రెండు పెద్దచెంచాలు. అయిదుగురి యింటికి నెలకు నాలుగు కిలోలకు కొంచెము పైన. మీ యింటి సామాను చీటితో దీనిని సరిచూచుకొనుడు. నేతిని వెలివేయ నక్కరలేదు. ముద్దకొక చెంచా కాక, పూటకొక చిన్నచెంచా చాలును. గుండెజబ్బున్నవారు ఈ విషయమున తమ వైద్యుని మాట వినవలెను.

5. కంచములోని పాళ్ళు

పైని చెప్పిన సంస్థ 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ దొరగారి చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. కంచములో సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెననియు, తక్కిన సగమునందే ధాన్యము, పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు మొదలగునవి సర్దుకొనవలెననియు వారి ఉపదేశము. మన కంచములందో అన్నము కొండవలె నిలిచి, కూర దాని పాదమున గులకరాయివలె నుండును! తెల్లని పాలిషు బియ్యము మితిమీరినచో, శ్రమచేయని దేహమున అది క్రొవ్వుగా మారును, మధుమేహమునకును దారితీయును.

మా యమ్మ దీనికొక సూత్రము చెప్పెను: "అన్నములో కూర కలుపుకొనుట మాని, కూరలో అన్నము కలుపుకొనుడు." అన్నపు గరిటె చిన్నదయ్యెను, కూర గరిటె పెద్దదయ్యెను. వారమునకు కొన్ని పూటలు జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నము వచ్చెను. కందులు, పెసలు, అలసందలు, చిక్కుడు, బెండ మొదలగువానిలోని జిగురుపీచు కొలెస్టెరాలును కొంత తనతో గొనిపోవును. మాంసము తినువారికి కవళ్ళు, కానాగంతలవంటి సముద్రపు చేపలు మేలు. వేపుడుకంటె పులుసు మేలు.

6. రుచి యెచ్చట నున్నది?

రుచి యనగా ఉప్పు, నూనెలే యని మన భ్రమ. తెలుగువంటలో రుచికి వేరు చోటులు పెక్కు కలవు.

మొదటిది పులుపు. చింతపండు, నిమ్మ, పచ్చిమామిడి, గోంగూర, చింతచిగురు ఇవి కూరలో నుండినచో తక్కువ ఉప్పే నాలుకకు చాలినట్లు తోచును. ఉప్పు తగ్గించినపుడు పులుపును కూడ తీసివేయుట మా యమ్మ మొదట చేసిన పొరపాటు.

రెండవది పోపు. ఒక్క చెంచా నూనెలో ఆవాలు చిటపటలాడి, జీలకఱ్ఱ, ఇంగువ, కరివేపాకు, ఎండుమిరపకాయ వేగినచో ఆ ఘుమఘుమ గిన్నెడు పప్పునకు చాలును. వాసన పుట్టించుటకు నూనె కావలెను గాని, తేలియాడుటకు కాదు.

మూడవది కాల్చుట, వేయించుట. నిప్పులపై కాల్చిన వంకాయ పచ్చడికి నూనెలో మ్రగ్గిన వంకాయకు లేని రుచి కలదు. నూనె లేక వేయించి దంచిన నువ్వులపొడి, అవిసెగింజల పొడి, కరివేపాకు పొడి కంచమున కొకమూల నుండినచో అప్పడము జ్ఞాపకమునకు రాదు.

నాలుగవది తాజాదనము. దింపునపుడు వేసిన కొత్తిమీర, అప్పుడు నూరిన అల్లము, వెల్లుల్లి, అప్పుడే కోసిన తోటకూర, వీనికి ఉప్పు సాయము కొంచెమే చాలును.

ఇంకొక రహస్యము కలదు. నాలుక శిష్యుని వంటిది. మెల్లగా చెప్పినచో నేర్చుకొనును. ఉప్పును ఒక్కమారుగా మానిపించినచో అది తిరుగబడును. వారమునకు కొంచెము చొప్పున తగ్గించినచో రెండుమూడు నెలలలో ఆ తక్కువ ఉప్పే సరియని యెంచును, మునుపటి కూర తినిపించినచో "కటికయుప్పు!" అనును. మా యింట అట్లే జరిగినది. మూడుమాసముల పిమ్మట చుట్టములయింట విందునకు పోయినప్పుడు, ఎన్నడును వంకపెట్టని మా చెల్లెలు చారు త్రాగి మంచినీళ్ళ చెంబునకై చేయి చాచెను.

7. అందరికి నొకే వంట

ఇక మా యమ్మ చేసిన ముఖ్యమైన మార్పు చెప్పెదను. ఆమె నాన్నగారికి పథ్యము మానిపించలేదు; మాకందరికి దానిని పెట్టెను. వేరుగిన్నె లేదు, వేరుపూట లేదు. అందరికి నొకే పప్పు, ఒకే పులుసు. నాన్నగారు మరల మా నడుమ గూర్చుండిరి. ఆవకాయ జాడీని పారవేయలేదు. ఆదివారమున మాత్రము క్రిందికి దిగును; తలకొక ముక్క, చెంచా గుజ్జు. ఆ దినమున నాన్నగారు ఆ ముక్కను ముగింపక మజ్జిగన్నము దాక దాచుకొనెడివారు. దీపము లేని వంటయింటిలో నిలిచి తిన్నదానికంటె, ఆ యొక్క ముక్కయే వారికి రుచిగా నుండెనని తరువాత వారే నాతో చెప్పిరి.

ఒక యిల్లు మారినట్లే ఒక మండలమంతయు మారిన నిదర్శనము ఐరోపాఖండమున కలదు. ఫిన్లాండు దేశమున ఉత్తర కరేలియా యను ప్రాంతము చలిదేశము. పాడికిని అడవికిని ప్రసిద్ధి. అచ్చటివారు రొట్టెకు మందముగా వెన్న పూసికొనుచు, వెన్న తీయని పాలు, క్రొవ్వుమాంసము, ఉప్పు విస్తారముగా వాడుచుండిరి. కూరగాయలు మిక్కిలి తక్కువ. పురుషులలో పొగత్రాగువారు పెక్కురు. 1960 తరువాతి దశాబ్దమున నడివయస్సు పురుషులు గుండెపోటుతో చనిపోవుటలో ఆ దేశము లోకమునకెల్ల ముందుండెను. ఆ ప్రజలే ప్రభుత్వమునకు మొరపెట్టుకొనగా, 1972లో పెక్క పుస్కా యను యువవైద్యుని నాయకత్వమున నొక ఉద్యమము ప్రారంభమయ్యెను.

ఆ వైద్యుడు రోగులకు మాత్రము చీటీలు వ్రాసి యూరకుండలేదు. మార్తా సంఘమను గృహిణుల సంఘము వారితో కలిసి గ్రామగ్రామమున వంటల సభలు జరిపించెను. వారి పూర్వుల కూరలనే క్రొవ్వు తగ్గించి, కూరగాయలు హెచ్చించి వండి, అందరును కలిసి తినిరి. పాడిరైతులకు నష్టము కలుగకుండ, ఆ నేలలో పండు చిన్నచిన్న బెర్రీపండ్ల సాగును ప్రోత్సహించిరి. పిమ్మట గ్రామములు కొలెస్టెరాలు తగ్గించుటలో నొండొంటితో పందెములు వేసికొనెను! సుమారు 40 ఏండ్లలో అచ్చటి పనిచేయు వయస్సు పురుషులలో హృదయధమనుల వ్యాధి మరణములు నూటికి 80 పాళ్ళకు మించి తగ్గెను. పొగాకు తగ్గుటయు, వైద్యము మెరుగగుటయు తోడ్పడినను, ఆహారము మారుటయే అందు పెద్ద కారణమని పరిశోధకులు తేల్చిరి. వారు మన గోంగూరను తినలేదు, మనము వారి బెర్రీలను తిననక్కరలేదు. తమ వంటను విడువక దిద్దుకొనుటయు, అందరును కలిసి దిద్దుకొనుటయు వారినుండి మనము నేర్వవలసినవి.

8. కొన్ని జాగ్రత్తలు

ఆహారము మందునకు తోడు గాని, బదులు కాదు. రక్తపోటునకును, కొలెస్టెరాలునకును మాత్రలు వాడువారు కూర మారినదని మాత్ర మానరాదు. మూత్రపిండముల జబ్బున్నవారు ఉప్పునకు బదులుగా అమ్ము పొటాషియము లవణమును వైద్యుని యడుగక వాడరాదు. పొగాకు మానక, దినమునకు అరగంటయైనను చురుకుగా నడువక, పప్పుకూరలే కాపాడునని నమ్మియుండుటయు తప్పు. రొమ్ములో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చెమట, ఊపిరాడకపోవుట కలిగినచో, "అజీర్ణమేమో" యని వాము నమలుచు కూర్చుండక, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. అచ్చట ప్రతినిమిషము విలువగలది.

9. విద్యార్థులు చేయదగిన పని

ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు నాలుగు పనులు చేయవలెనని కోరుచున్నాను. ఒకటి, ఉప్పు పొట్లముమీద తేది వ్రాసి లెక్కగట్టుట. రెండు, నెలకు వాడు నూనె కొలత తెలిసికొనుట. మూడు, ఒక దినము కంచములో సగము కూరలుండునట్లు తామే వడ్డించి చూపుట. నాలుగు, ఇంటిలో పథ్యము తినువారున్నచో, వారితోకూడ గూర్చుండి అదే వంట తినుట. మొదటి మూడును లెక్కకు సంబంధించినవి. నాలుగవది ప్రేమకు సంబంధించినది. అది లేనిదే మొదటి మూడును నిలువవు.

మా తండ్రిగారికి ఇప్పుడు 66 ఏండ్లు. మాత్రలు వాడుచున్నారు, ఉదయమున నడచుచున్నారు. మొన్న నేను ఇంటికి పోయినప్పుడు గోంగూరపప్పు రెండవమారు వడ్డించుకొనుచు, "మీ యమ్మ పథ్యమని చెప్పి పధ్నాలుగేండ్లుగా విందు పెట్టుచున్నది" అనిరి. పథ్యమున కింతకంటె మంచి నిర్వచనము నాకు తెలియదు.